అర నిమిషం పాట

జూన్ 4

మామయ్యా,

రోజంతా ఫోన్ల పొట్టలు కోసి కుట్టే నీకు ఇంటికొచ్చాక ఫోనంటే ఒళ్ళు మంట. అందుకని నీ మేనకోడలు మాత్రం కాగితం, కలం పట్టుకుని కూర్చోవాలి. సరే, కూర్చున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు నీదే.

అసలు కబురు చెప్పేస్తాను. నా పాట రికార్డింగు పూర్తయింది. ఎక్కడ చేశానో చెబితే నవ్వుతావు. నా గదిలో, బట్టల బీరువాలో! బట్టలన్నీ ఒక పక్కకు నెట్టి, తలుపులకు రెండు దుప్పట్లు వేలాడదీసి, లోపల స్టూలు వేసుకుని కూర్చున్నాను. మైకు, మా కళ్ళజోళ్ళ షాపులో బిల్లులు రాసే అక్క వాళ్ళ తమ్ముడిది. వారానికని ఇచ్చాడు. మూడు వారాలైంది, ఇప్పుడు నేను కనబడితే మొహం తిప్పుకుంటున్నాడు. గిటారు నా పాత స్నేహితురాలు వాయించింది. డబ్బులేమీ పుచ్చుకోలేదు గానీ నాకు వచ్చే డిస్కౌంటు మీద మా షాపులో కొత్త కళ్ళజోడు తీసుకుంది. బీరువాలో ఇద్దరికి చోటు లేదు కాబట్టి అది మంచం మీద కూర్చుని వాయిస్తే, నేను లోపల ఉక్కలో చెమటలు కక్కుతూ పాడాను. పై వాటాలో కుట్టు మిషను ఆగిందనుకునేలోపు కింద నీళ్ళ మోటారు మొదలవుతుంది. రెండూ ఆగిన సందులో ఒక చరణం. అలా నాలుగు ఆదివారాలు పట్టింది.

అమ్మ విని, "బాగానే ఉంది. ఇంతకీ ఉద్యోగం ఎలా ఉంది?" అంది. నీ అక్కే కదా, నేను కొత్తగా చెప్పేదేముంది.

పాటను ఒక యాప్‌లో పెట్టి, లింకు నీ షాపు ఫోనుకు పంపాను. ఒక్కటే కోరిక. షాపు గోలలో వినకు. ఇంట్లో తలుపు వేసుకుని, తీరిగ్గా, చివరిదాకా విను. రెండో చరణం ఎలా ఉందో తప్పకుండా రాయి. దాని గురించి నేను ముందుగా ఏమీ చెప్పను.

అత్తయ్యకు ముద్దులు.

నీ గుండుసూది


జూన్ 12

గుచ్చడం తప్ప ఇంకేమీ చేతకాని నా గుండుసూదీ,

అబ్బే, నోరు జారాను, చేతకాకపోవడమేమిటి! పాట అదిరిపోయింది. ఆగలేక షాపు తీస్తూనే పెట్టాను. "ఒక్క మాట చెప్పి పోవే వానా" అని నువ్వు ఎత్తుకున్నావు చూడు, చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ఆ ఎత్తుగడకు తిరుగు లేదు. బీరువాలో పాడినట్టు లేదు, నా చెవి పక్కన కూర్చుని పాడినట్టుంది. ఇదివరకు షాపులో పనికి వాడుకునే ఆ డబడబ సంగీతం ఉండేది కదా, దాన్ని తీసి పారేశాను. ఇప్పుడు పొద్దున్నించి సాయంత్రం దాకా నీ పాటే. గిటారు తీగ మోగగానే స్పీకరు సంగతి సగం తెలిసిపోతుంది. నీ గొంతు వచ్చేసరికి పూర్తిగా తెలుస్తుంది.

మధ్యాహ్నం క్యారియరు తెచ్చినప్పుడల్లా మీ అత్తయ్య కాసేపు నిలబడి వింటోంది. ఇంట్లో అంట్లు తోముతూ అవే నాలుగు లైన్లు తీస్తోంది. శ్రుతి మాత్రం తనదే.

మా షాపుకు ఒక టీచరమ్మ వస్తారు. ఆవిడ ఫోను ఇప్పటికి మూడుసార్లు బకెట్లో పడింది. ప్రతిసారీ విప్పి, ఆరబెట్టి, బతికించి ఇస్తున్నాను. నిన్న నాలుగోసారి తెచ్చారు. "టీచరుగారూ, ఫోను సంగతి నేను చూసుకుంటాను గానీ, ముందు ఆ బకెట్టు మార్చండి" అన్నాను. ఆవిడకు కోపం వచ్చింది. కానీ నీ పాట మోగుతుంటే కూర్చుని విని, కోపం మర్చిపోయి వెళ్ళారు.

మీ అమ్మ మాటలు పట్టించుకోకు. మా అక్కకు ఏదైనా బాగా నచ్చితే "బాగానే ఉంది" అంటుంది. నచ్చకపోతే అసలు మాట్లాడదు.

నీ స్క్రూడ్రైవరు మామయ్య


జులై 3

మామయ్యా,

నీ ఉత్తరం చదివి కౌంటర్లో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే, కళ్ళ పరీక్షకు వచ్చిన పెద్దాయన తనను చూసే నవ్వుతున్నాననుకుని నొచ్చుకున్నాడు. బకెట్టు టీచరుగారికి నా నమస్కారాలు.

చేతిలో డబ్బుల్లేనివాళ్ళ ప్రచారం ఎలా ఉంటుందో విను. చిన్న చిన్న చీటీల మీద పాట పేరు రాసి, అమ్ముడైన ప్రతి కళ్ళజోడు డబ్బాలోనూ ఒకటి పెట్టాను. కొన్నాళ్ళు బాగానే సాగింది. తర్వాత ఒకాయన తిరిగొచ్చి, "ఈ చీటీ చదువుదామంటే కనబడట్లేదు, అద్దాలు తప్పు వేశారు" అని ఓనరు ముందు గొడవ పెట్టుకున్నాడు. నేనే అక్షరాలు మరీ చీమ తలకాయల్లా రాశాను లే. ఓనరు చీటీలన్నీ తీయించాడు. తెలిసినవాళ్ళందరికీ ఫోన్లో పంపితే అందరూ బొటనవేలు బొమ్మ పెట్టారు. విన్నవాళ్ళు ఎందరో మాత్రం ఎవరూ చెప్పరు.

కానీ పాట పెట్టిన యాప్ చెబుతుంది! ఏ ఊళ్ళో ఎంతమంది విన్నారో అందులో కనిపిస్తుంది. మా ఊళ్ళో పందొమ్మిది మంది. నేనూ, గిటారు పిల్లా, మైకు అబ్బాయీ పోతే పదహారు. మీ ఊళ్ళో ఎంతో చెప్పుకో చూద్దాం. రెండు వందల పదకొండు! నువ్వు రోజంతా పెడతావని తెలుసు, కానీ నువ్వెన్నిసార్లు విన్నా ఒక్కడి కిందే లెక్క. వీళ్ళంతా వేరు వేరు మనుషులు మామయ్యా, వేరు వేరు ఫోన్లు. రోజూ కొత్తవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఆదివారం మాత్రం ఒక్కరూ ఉండరు. మీ ఊరివాళ్ళు ఆ రోజు చెవులకు కూడా సెలవిస్తారా ఏమిటి? ఇంకో విచిత్రం, దాదాపు అందరూ అర నిమిషం విని ఆపేస్తున్నారు. ఏదో పనిలో ఉండి వింటారేమో, పాపం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఓనరు కొత్త బ్రాంచి తెరుస్తున్నాడు. దాన్ని నన్ను చూసుకోమంటున్నాడు. జీతం బాగా పెరుగుతుంది. కానీ పొద్దున్నించి రాత్రి దాకా అక్కడే, ఆదివారాలతో సహా. ఇక బీరువాలో కూర్చునే తీరిక ఉండదు. నా పాట ఎవరూ వినకపోతే ఆ ఉద్యోగం ఒప్పుకుని, పాటల సంగతి మర్చిపోవాలని నాకు నేనే మాటిచ్చుకున్నాను. వినేవాళ్ళుంటే ఒప్పుకోను. మీ ఊరి లెక్క చూశాక నా జవాబేమిటో నాకు తెలిసిపోయినట్టే ఉంది.

రెండో చరణం గురించి నువ్వు రాయలేదు. మర్చిపోయావు కదూ?

నీ గుండుసూది


జులై 10

అమ్మాయ్,

నీ ఉత్తరం నేను రెండుసార్లు చదివి, మీ అత్తయ్య చేత ఇంకోసారి చదివించాను. "వేరు వేరు ఫోన్లు" అన్న చోట ఆవిడ ఆగి నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు సంగతి తర్వాత రాస్తాను.

బ్రాంచి విషయంలో తొందరపడకు. ఓనరును ఇంకో నెల గడువడుగు. యాప్ చూపించే లెక్కలు చూసి జీవితంలో నిర్ణయాలు తీసుకోకూడదు. నేను రోజూ చూస్తుంటాను కదా, ఫోన్లు చెప్పేవన్నీ నిజాలు కావు. బ్యాటరీ సగం ఉందని చూపిస్తూనే గుటుక్కుమంటాయి. పాట ఎక్కడికీ పోదు. జీతం పెరిగితే మైకు కొనుక్కోవచ్చు, ఆ అబ్బాయి మొహం తిప్పుకోవడమూ మానేస్తాడు.

నీ పాటలో లోపముందని కాదు, పాట బంగారం. ఆ ఎత్తుగడ వింటుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. రెండో చరణం కూడా బాగానే ఉంది.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. తడిసిన ఫోన్లతో బల్ల నిండిపోయింది. ఒంట్లో నలతగా ఉంది, అందుకే ఈ ఉత్తరం చిన్నది.

నీ మామయ్య


జులై 16

మామయ్యా,

"బాగానే ఉంది"! ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్ళను ఎలా ఉందని అడిగితే చెప్పే మాట అది. నెలన్నరగా ఆ చరణం గురించి నువ్వేమంటావోనని పోస్టుమ్యాన్ సైకిలు బెల్లు మోగినప్పుడల్లా గేటు దగ్గరికి పరుగెత్తుతున్నాను. నచ్చలేదేమో. లేదా రాయకూడనిది రాసి నొప్పించానేమో. సరే, ఇక అడగను.

బ్రాంచి వద్దని నీ ఉత్తరం రాకముందే చెప్పేశాను. ఓనరు "సరేనమ్మా, ఇంకొకరిని చూసుకుంటాను" అన్నాడు. అంతే. అమ్మ రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. మా ఇంట్లో నా వైపు నిలబడే మనిషివి నువ్వొక్కడివే అనుకుంటే నువ్వూ గడువు, జీతం అంటున్నావు. నీకు కూడా భయమేనా?

భయపడక్కర్లేదని చూపిస్తాను. ఆగస్టు 9, శనివారం సాయంత్రం ఆరింటికి మీ ఊరి గ్రంథాలయం మేడ మీది హాల్లో నా కచేరీ. వాళ్ళతో మాట్లాడి అద్దె కూడా పంపేశాను. సొంత మైకు కోసం దాచుకున్నదంతా దానికే పోయింది. కుర్చీలు ఎనభై. టికెట్టు లేదు. ఇవాళ్టికి మీ ఊళ్ళో వినేవాళ్ళు మూడు వందలకు దగ్గరపడ్డారు. ఎనభై కుర్చీలు నిండవా? ఆ మూడు వందల మందిలో కొందరినైనా కళ్ళారా చూడాలని ఉంది.

పోస్టరు నేనే గీసి జిరాక్సు తీయించాను. ఇరవై పంపుతున్నాను, నలుగురూ చూసే చోట అతికించు. నేనూ గిటారు పిల్లా మధ్యాహ్నం బస్సుకు దిగుతాం. దానికి మర్నాడు పరీక్ష, అందుకని కచేరీ అవగానే తిరుగు బస్సు ఎక్కేయాలి.

కోపంగా ఉన్నా నీ గుండుసూదినే


జులై 23

నా గుండుసూదీ,

నువ్వు నన్ను నొప్పించడమేమిటే పిచ్చిదానా! ఆ చరణం గురించి ఉత్తరంలో వద్దు, ఎదురుగా కూర్చున్నప్పుడు మాట్లాడుకుందాం.

పోస్టర్లు అతికించాను. ఒకటి షాపు అద్దానికి, ఒకటి గ్రంథాలయం మెట్ల దగ్గర, మిగతావి బజారంతా. జిరాక్సులో నీ మొహం కాస్త నల్లగా వచ్చింది. టీ కొట్టాయన దాని వంక చాలాసేపు చూసి, "అయ్యో, ఎప్పటినుంచి కనబడట్లేదు ఈ అమ్మాయి?" అని అడిగాడు. తప్పిపోలేదు, పాడటానికి వస్తోంది అని చెప్పాను. అయినా ఎందుకైనా మంచిదని ఫోన్ నంబరు రాసుకున్నాడు.

హాలు నిండుతుంది. ఎలా అని అడక్కు. ఎనభై కాదు, తొంభై మంది వస్తారు. నేను హామీ. పని మరీ ఎక్కువైంది, బాగైన ఫోన్లు కూడా ఎవరికీ ఇవ్వలేకపోతున్నాను. అందరినీ ఆగమంటున్నాను.

గొంతు జాగ్రత్త. ఐసు నీళ్ళు ముట్టుకోకు.

నీ స్క్రూడ్రైవరు మామయ్య

అమ్మాయ్, ఆయన కవరు అంటించేలోపు నేనొక ముక్క రాస్తున్నాను. మీ మామయ్యకు నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. అడిగితే కచేరీ అంటాడు. నువ్వేమీ బెంగపెట్టుకోకు. పాడటం నీ పని. మిగతాది ఆయన చావు ఆయన చస్తాడు. — అత్తయ్య


ఆగస్టు 11

మామయ్యా,

బస్సు ఎక్కేటప్పుడు నేను నీ మొహంలోకి చూడలేదు. నువ్వూ సంచులు సర్దుతూ నా వైపు చూడలేదు. అక్కడ మాట్లాడుకోలేనిది ఇక్కడ రాస్తున్నాను.

హాలు నిండింది. కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. పక్క గదిలోంచి తొంగి చూసి గిటారు పిల్ల సంతోషంతో నా చెయ్యి గిల్లింది, ఇంకా ఎర్రగానే ఉంది. అప్పుడే తలుపు దగ్గర నిన్ను చూశాను. చేతిలో పెద్ద పళ్ళెం. పళ్ళెం నిండా ఫోన్లు, ఒక్కోదానికీ కట్టిన చీటీ. మా గది పక్కనే, ముందు వరసలో కూర్చున్న ఒకాయన పక్కావిడతో అంటున్నాడు.

"ఆరింటికి ఇక్కడికొస్తే ఇస్తానన్నాడండీ. తీరా వచ్చాక పాటలయ్యాకే అంటున్నాడు."

"నాదీ అదే గోల. వారం నుంచీ తిప్పుతున్నాడు. ఎవరో మేనకోడలట. వింటేనే ఫోనట!"

అంతే మామయ్యా, అన్నీ ఒక్కసారి తెలిసొచ్చాయి. వేరు వేరు ఫోన్లు. ఆదివారం షాపుకు సెలవు. అర నిమిషం. బాగుచేసిన ప్రతి ఫోనులోనూ స్పీకరు సరిగ్గా పలుకుతోందో లేదో చూడటానికి నా పాట పెట్టావు. అర నిమిషం విని ఆపేశావు. నా మూడు వందల మంది శ్రోతలూ నీ బల్ల మీద వరసగా పడుకున్న ఫోన్లు. వాటిని నమ్ముకుని నేను ఉద్యోగం కాదన్నాను.

సంచి భుజాన వేసుకున్నాను. వెళ్ళిపోదామన్నాను. గిటారు పిల్ల కదల్లేదు. "ఇంత దూరం బస్సులో వాంతులు ఆపుకుంటూ వచ్చాను, వాయించకుండా పోయేది లేదు" అంది.

సరే, ఎత్తుకున్నాను.

ఒక్క మాట చెప్పి పోవే వానా
ఎక్కడాగి వచ్చినావే వానా
గొడుగు లేని దారిలో
అడుగు కలిపి నడిచినావే వానా

రెండో లైనుకు వచ్చేసరికి పాడుతున్నది నేనొక్కదాన్నే కాదు. హాలు మొత్తం పాడుతోంది! నీ షాపులో తమ వంతు కోసం కూర్చుని కూర్చుని, పక్కవాళ్ళ ఫోన్లలో విని విని, అందరికీ నోటికొచ్చేసిందట. నాలుగు లైన్లూ ఒక్క అక్షరం పోకుండా పాడారు. నాలుగో లైను అవగానే, స్విచ్చి కట్టేసినట్టు అందరూ ఆగిపోయారు. అక్కడితో వాళ్ళకు తెలిసిన పాట అయిపోయింది. ఎనభై తొంభై మంది మెడలు ముందుకు చాచి, ఆ తర్వాత ఏముందోనని నా నోటి వంకే చూస్తున్నారు. ఫోన్ల మాట ఎవరికీ గుర్తులేదు. నా బతుకులో నన్ను ఎవరూ అలా వినలేదు.

చివర్లో బకెట్టు టీచరుగారు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. "రెండు నెలల నుంచి ఆ ముక్క నోట్లో ఆడుతోందమ్మా. మిగతాదేమిటో తెలియక ఎంత అవస్థ పడ్డానో" అన్నారు.

కానీ ఒకటి. రెండో చరణం దగ్గర నీ వైపు చూడకూడదనుకున్నాను, ఆగలేక చూశాను. నువ్వు పళ్ళెం కింద పెట్టేసి బయటికి వెళ్ళిపోతున్నావు. అంత నచ్చకపోతే ఒక్క మాట చెప్పొచ్చు కదా. ఫోన్ల సంగతి కంటే అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

నీ గుండుసూది


ఆగస్టు 18

అమ్మా, గుండుసూదీ,

నువ్వు రాసిందంతా నిజమే, చివరి ముక్క తప్ప.

ఆ డబడబ బదులు నీ గొంతు వింటూ పని చేసుకుందామనే ఆ పాట పెట్టాను. అవన్నీ ఎక్కడో లెక్కల్లోకి ఎక్కుతాయని నాకు తెలియదు. నీ జులై ఉత్తరం వచ్చాక తెలిసింది. చెబుదామని కలం పట్టుకుని, నీ ఉత్సాహం చూసి, నసిగి ఊరుకున్నాను. ఆ లోపు నువ్వు బ్రాంచి వదిలేసి హాలు తీసుకున్నావు. ఇక చెప్పే ధైర్యం రాలేదు. ఖాళీ కుర్చీల ముందు నిన్ను నిలబెట్టలేక జనం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాను. ఊళ్ళో ఇప్పుడు నన్ను ఫోన్ల దొంగ అంటున్నారు, నవ్వుతూనే లే.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. ఆ శనివారం దాకా నేను నీ పాట చివరిదాకా వినలేదు.

తలుపు వేసుకుని తీరిగ్గా వినమన్నావు కదా, అలాగే విందామని దాచుకున్నాను. ఆ తీరిక రాలేదు. రోజూ అన్నిసార్లు మొదలు వింటుంటే పాటంతా తెలిసినట్టే అనిపించింది. రెండో చరణం బాగానే ఉందని వినకుండానే రాశాను. హాల్లో తలుపు దగ్గర నిలబడి, పళ్ళెంలో ఏ ఫోను మోగుతుందోనని కంగారుగా చూసుకుంటుంటే నువ్వు పాడావు.

విరిగిన రేడియో విప్పి చూపి
లోపల పాటలు ఉన్నాయన్నావు
చెవి ఆనించి వెతికే నన్ను
నీలోనే ఉన్నాయి పొమ్మన్నావు

నీకప్పుడు ఆరేళ్ళు. సెలవులకు వచ్చి, వానలో ఎక్కడికీ పోలేక నా షాపులో కూర్చునేదానివి. అప్పుడు రేడియోలు బాగుచేసేవాణ్ని. ఒకటి విప్పి పెడితే పాటలెక్కడున్నాయో చూపించమని ప్రాణం తీశావు. పని సాగక, నిన్ను వదిలించుకోవడానికి ఏదో అని ఉంటాను. ఒట్టు, నాకు గుర్తు కూడా లేదు. నువ్వు ఆ మాటను ఇన్నేళ్ళు దాచుకుని పాటలో పెట్టావా తల్లీ!

నచ్చక వెళ్ళలేదే. అంతమంది ఖాతాదారుల ముందు ఏడిస్తే రేపటినుంచి బేరాలాడతారు. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మీ అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. తన కొంగు నా చేతిలో పెట్టింది.

నా వల్ల నీకు ఆ బ్రాంచి పోయింది. అది బాగుచేయడం నా చేతిలో లేదు. చేతనైంది ఒకటే చేశాను. షాపులో నీ పాట ఆపేసి పాత డబడబే పెట్టాను. "ఆ అమ్మాయి పాట ఏదండీ?" అని అందరూ అడుగుతున్నారు. కావాలంటే ఇంటికెళ్ళి మీ ఫోన్లో మీరే వినండి అంటున్నాను. ఇకనుంచి నీకు కనిపించే లెక్క ఎంత చిన్నదైనా అసలైనదే.

నీ మామయ్య


ఆగస్టు 25

మామయ్యా,

నీ ఉత్తరం కౌంటరు కింద పెట్టుకుని చదివాను. ఓనరు చూసి, "కళ్ళు ఎర్రబడ్డాయి, లోపలికెళ్ళి పరీక్ష చేయించుకో" అన్నాడు. ఊరికే చేస్తారు కదా అని చేయించుకున్నాను. చూపు బాగానే ఉందట.

బ్రాంచిని ఓనరు మా బిల్లులు రాసే అక్కకు ఇచ్చాడు. ఆ సంతోషంలో ఆవిడ తమ్ముణ్ని ఒప్పించి మైకు మళ్ళీ నా దగ్గరే ఉంచింది. పాత జీతం అందుకున్న రోజు కాస్త చివుక్కుమంటుంది, అంతే. అమ్మ మాట్లాడుతోంది. హాలు నిండిందని చెబితే "బాగానే ఉంది" అంది. నువ్వు చెప్పిన అర్థమే తీసుకున్నాను.

వారమంతా మీ ఊరి లెక్క పడిపోయింది. రోజుకు ఇద్దరు, ఒక్కోరోజు ఒక్కరే. నవ్వొచ్చింది, కాస్త ఏడుపూ వచ్చింది. మొన్న పొద్దున అదీ లేదు. ఇక అయిపోయిందనుకున్నాను.

నిన్న ఆదివారం. నీ షాపు మూత. నీ బల్ల మీద ఫోన్లన్నీ నోరు మూసుకుని ఉంటాయి. నిన్న మీ ఊళ్ళో తొమ్మిది మంది నా పాట విన్నారు మామయ్యా. తొమ్మిది మందీ చివరిదాకా విన్నారు.

తొమ్మిది మంది కలిసి పద్నాలుగుసార్లు విన్నారట. ఆ పైన ఐదుసార్లు ఎవరు విన్నారో యాప్ చెప్పదు. ఇంట్లో ఫోనంటే ఒళ్ళు మండే మనిషి ఒకరు నాకు తెలుసు. నేనూ అడగను.

తలుపు వేసుకున్నావా లేదా, అది మాత్రం రాయి.

నీ గుండుసూది